ముంబై లోకల్ టికెట్: కొత్తగా వెళ్లేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

టాటా హాస్పిటల్‌లో చూపించుకోవడానికో, వీసా పని మీదో, కొత్త ఉద్యోగానికో మనవాళ్లు ముంబై వస్తూనే ఉంటారు. స్టేషన్‌లో దిగగానే ఫోన్ చేసి అడిగే సందేహాలు మాత్రం దాదాపు ఒకటే. ప్రతిసారీ కొత్తగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవనక్కర్లేదు.

ముందే ఒక మాట. ముంబైలో లోకల్ చార్జీ చాలా తక్కువ. సెకండ్ క్లాస్‌లో కనీస చార్జీ 5 రూపాయలే. ఇక్కడ జేబుకి చిల్లు పడేది తప్పు టికెట్‌తో తప్పు పెట్టె ఎక్కినప్పుడే. అందుకే టికెట్ మీద మూడు విషయాలు చూసుకోవాలి: ఎక్కడికి, ఏ దారిలో, ఏ క్లాసు.

## ఊర్లో బయల్దేరే ముందు

మా ఎక్స్‌ప్రెస్ టికెట్ ముంబై దాకా ఉంది కదా, దాంతోనే లోకల్ ఎక్కొచ్చా?

కుదరదు. మీ రిజర్వేషన్ టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో అక్కడితో దాని పని అయిపోతుంది. సీఎస్ఎంటీలో, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగి అంధేరీ వెళ్లాలంటే లోకల్ టికెట్ వేరే కొనాల్సిందే. ప్లాట్‌ఫారం పక్కనే లోకల్ నిలబడి కనిపిస్తుంది, అడ్డుకునే గేటేదీ ఉండదు. దాంతో అదే టికెట్ చెల్లుతుందేమో అనుకుని ఎక్కేసేవాళ్లు చాలామంది.

ముంబైలో ఏ స్టేషన్‌లో దిగితే మంచిది?

మీరు ఉండబోయే చోటుని బట్టి. హుస్సేన్‌సాగర్, కోణార్క్ లాంటి రైళ్లు సీఎస్ఎంటీ వరకూ వెళతాయి కానీ ముందే కల్యాణ్‌లో ఆగుతాయి. డోంబివిలీ, అంబర్‌నాథ్ వైపు చుట్టాల ఇంటికైతే కల్యాణ్‌లో దిగడమే తెలివి. సీఎస్ఎంటీ దాకా వెళ్లి, సామాన్లతో మళ్లీ అదే దారిలో వెనక్కి రావడం ఎందుకు?

విశాఖ, కాకినాడల నుంచి వచ్చే కొన్ని రైళ్లు లోక్‌మాన్య తిలక్ టెర్మినస్‌లో, అంటే ఎల్‌టీటీలో ఆగిపోతాయి. అక్కడ లోకల్ రైళ్లు ఉండవు. దగ్గర్లోని లోకల్ స్టేషన్లు కుర్లా, తిలక్‌నగర్. తిలక్‌నగర్ హార్బర్ లైన్ మీద ఉంది. కుర్లాలో సెంట్రల్, హార్బర్ రెండూ దొరుకుతాయి.

ముంబై సెంట్రల్ అంటే సెంట్రల్ లైన్ మీద ఉండేదేగా?

కాదు. పేరు చూసి అందరూ పడే బోల్తా ఇది. ముంబై సెంట్రల్ వెస్టర్న్ లైన్ స్టేషన్. సెంట్రల్ లైన్ సీఎస్ఎంటీ నుంచి దాదర్, ఠాణే, కల్యాణ్ మీదుగా కసారా, కర్జత్, ఖోపోలీ వైపు వెళుతుంది. వెస్టర్న్ లైన్ చర్చ్‌గేట్‌లో మొదలై దాదర్, అంధేరీ, బోరివలీ, విరార్ మీదుగా డహాణూ రోడ్ దాకా పోతుంది. హార్బర్ లైన్ సీఎస్ఎంటీ నుంచి ఒకవైపు పన్వేల్‌కి, ఇంకోవైపు గోరేగావ్‌కి. ఠాణే నుంచి వాషి, పన్వేల్ వైపు వెళ్లేది ట్రాన్స్ హార్బర్.

పాత పేర్లు కూడా ఇంకా జనం నోట్లోనే ఉన్నాయి. ఎవరైనా వీటీ అంటే అది ఇప్పటి సీఎస్ఎంటీ. ఎల్ఫిన్‌స్టన్ అంటే ప్రభాదేవి. యాప్‌లో వెతికేటప్పుడు కొత్త పేరే కొట్టండి.

మెట్రో కార్డు ఉంటే లోకల్‌కి కూడా పనికొస్తుందా?

రాదు. మెట్రో గేటు దగ్గర ఆనించే కార్డుకి లోకల్ స్టేషన్‌లో పని లేదు, ఆనించడానికి అక్కడ గేటే ఉండదు. లోకల్ రైళ్లు రైల్వేవి, మెట్రో లైన్లు వేరే సంస్థలవి. 2025 అక్టోబరులో వచ్చిన ముంబై వన్ యాప్ లోకల్, మెట్రో, మోనోరైలు, సిటీ బస్సులు అన్నిటినీ ఒకచోటికి తెచ్చింది. ఫోన్‌లో టికెట్ తీసుకునే అలవాటున్నవాళ్లు దాన్ని పెట్టుకోవచ్చు.

## టికెట్ కొనేటప్పుడు

కౌంటర్‌లో ఏమని అడగాలి? నాకు మరాఠీ రాదు, హిందీ అంతంతమాత్రం.

నాలుగు మాటలు చాలు. ఎన్ని, ఎక్కడికి, ఏ దారిలో, సింగిలా రిటర్నా. "ఏక్ అంధేరీ, వాయా దాదర్, రిటర్న్" అంటే పనైపోతుంది. ఫస్ట్ క్లాస్ కావాలంటే ఆ మాట ముందే చెప్పాలి, చెప్పకపోతే సెకండ్ క్లాసే కొట్టి ఇస్తారు. చిల్లర చేతిలో పెట్టుకోండి. పొద్దున పూట మీ వెనక పాతికమంది నిలబడి ఉంటారు, 10 రూపాయల టికెట్‌కి 500 నోటు తీస్తే కౌంటర్‌లో మనిషి కంటే ముందు వాళ్లే అరుస్తారు. టికెట్ చేతికి రాగానే పక్కకి జరిగి స్టేషన్ పేరు, క్లాసు, దారి చూసుకోండి. ప్లాట్‌ఫారం మీదికి పోయాక తప్పు కనిపెట్టి లాభం లేదు.

కౌంటర్ దగ్గర పెద్ద క్యూ ఉంది. వేరే దారి లేదా?

పక్కనే ఏటీవీఎంలు, అంటే మనమే టికెట్ తీసుకునే మెషిన్లు ఉంటాయి. తెర మీద స్టేషన్ ఎంచుకుని యూపీఐతో కట్టేయొచ్చు, స్మార్ట్ కార్డు ఉన్నవాళ్లు కార్డు పెట్టి తీసుకుంటారు. చాలాచోట్ల మెషిన్ దగ్గర ఒక సహాయకుడు కూర్చుని ఉంటాడు. ఎక్కువగా వీళ్లు రిటైరైన రైల్వే ఉద్యోగులు. మీరు స్టేషన్ పేరు చెప్తే వాళ్ల వేళ్లు తెర మీద ఎంత వేగంగా తిరుగుతాయంటే, మీరు డబ్బు తీసేలోపు టికెట్ బయటికి వచ్చేస్తుంది. డబ్బు ఇచ్చి టికెట్ తీయించుకోవచ్చు. కొత్తవాళ్లకి ఇదే అన్నిటికంటే హాయి.

రైల్వేవాళ్ల రైల్‌వన్ యాప్‌లో తీసుకుందామంటే స్టేషన్‌లో టికెట్ బుక్ అవ్వట్లేదు, ఎందుకు?

అది యాప్ లోపం కాదు, కావాలని అలా పెట్టారు. ఫోన్ టికెట్‌ని పట్టాలకు దూరంగా ఉన్నప్పుడే ఇస్తారు. లేకపోతే జనం ఊరికే రైలెక్కి, టీసీ కనపడగానే అప్పటికప్పుడు టికెట్ తీస్తారు కదా! మీ ఫోన్ జీపీఎస్ మీరు స్టేషన్‌లో ఉన్నారని చెప్తే యాప్ ఒప్పుకోదు. ఇంట్లోనో, స్టేషన్ చేరక ముందు ఆటోలోనో తీసుకోండి. అలాగని మరీ ముందే తీసినా చిక్కే, లోకల్ ఫోన్ టికెట్ తీసిన గంటలోపు ప్రయాణం మొదలుపెట్టాలి. ఈ టికెట్‌ని రద్దు చేసుకునే వీలు కూడా లేదు, కాబట్టి డబ్బు కట్టే ముందు స్టేషన్ పేరు ఇంకోసారి చూడండి.

మా అబ్బాయి హైదరాబాద్ నుంచి తన ఫోన్‌లో టికెట్ తీసి వాట్సాప్‌లో పంపొచ్చా?

పంపినా చెల్లదు. పేపర్ లేని టికెట్ ఏ ఫోన్‌లో తీశారో ఆ ఫోన్‌లోనే, యాప్ తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్‌ని టీసీ టికెట్‌గా లెక్కపెట్టడు. అమ్మానాన్నలు ఒక్కరే తిరుగుతుంటే వాళ్లకి కౌంటర్ టికెట్టే మేలు. కాగితం ముక్క జేబులో పడి ఉంటుంది, చార్జింగ్ గోల లేదు.

ఠాణే నుంచి అంధేరీ వెళ్లాలి. సెంట్రల్ నుంచి వెస్టర్న్‌కి మారాలి కదా, రెండు టికెట్లు కొనాలా?

ఒక్కటి చాలు. ఠాణే నుంచి అంధేరీకి "వాయా దాదర్" అని తీసుకుంటే ఒకే టికెట్‌తో రెండు లైన్లూ తిరగొచ్చు. దాదర్‌లో దిగి, వంతెన ఎక్కి, అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లడమే. 2023 డిసెంబరు నుంచి దాదర్‌లో ప్లాట్‌ఫారం నంబర్లు వరసగా పెట్టారు: 1 నుంచి 7 వెస్టర్న్‌వి, 8 నుంచి 14 సెంట్రల్‌వి. అంతకుముందు రెండు వైపులా ఒకటో నంబరు ఉండేది, కొత్తవాళ్లు పిచ్చెక్కినట్టు తిరిగేవాళ్లు.

ఇంకో దారి కూడా ఉంది. ఠాణే నుంచి ఘాట్‌కోపర్‌కి లోకల్, అక్కడి నుంచి అంధేరీకి మెట్రో. ఈ దారిలో రెండు టికెట్లు కావాలి, ఖర్చు కాస్త ఎక్కువ. కానీ దాదర్ దాకా కిందికి వెళ్లి మళ్లీ పైకి రావడం తప్పుతుంది. టైముకి చేరాల్సిన పనైతే నేను మెట్రో దారే చెప్తాను.

టికెట్ మీద రాసిన దారిలో కాకుండా వేరే దారిలో వెళ్తే ఏమవుతుంది?

కల్యాణ్ నుంచి వాషికి ఠాణే మీదుగా వెళ్లొచ్చు, కుర్లా మీదుగానూ వెళ్లొచ్చు. రెండో దారి దూరం. ఠాణే మీదుగా అని ఉన్న టికెట్‌తో కుర్లాలో దొరికితే ఆ టికెట్ చెల్లదు, జరిమానా పడుతుంది. మీరు ఏ దారిలో వెళ్తారో కౌంటర్‌లో ముందే చెప్పండి.

ఫాస్ట్ లోకల్‌కి ఎక్కువ చార్జీనా?

లేదు. ఫాస్ట్, స్లో రెండిటికీ ఒకటే టికెట్. ఫాస్ట్ కొన్ని స్టేషన్లు వదిలేస్తుంది, అంతే.

పిల్లలకి టికెట్ తీయాలా?

5 ఏళ్లలోపు అక్కర్లేదు. 5 నుంచి 12 లోపు పిల్లలకి సగం టికెట్.

మూడు రోజులు ఊరంతా తిరుగుదామని వచ్చాం. ప్రతిసారీ టికెట్ కొనాలా?

టూరిస్ట్ టికెట్ అని ఉంటుంది, 1, 3, 5 రోజులకి ఇస్తారు. దాంతో లోకల్ లైన్లన్నిటిలో ఎన్నిసార్లైనా తిరగొచ్చు. నిజం చెప్పాలంటే, సెకండ్ క్లాస్‌లో రోజుకి ఒకటి రెండుసార్లు ఎక్కేవాళ్లకి దీంతో పెద్దగా డబ్బు మిగలదు. విడి టికెట్లే అంత చౌక. క్యూలో నిలబడే బాధ తప్పుతుంది, దారి తప్పి ఎటు వెళ్లినా టికెట్ చెల్లుతుంది. కొత్త ఊర్లో ఆ నిశ్చింతకే కొనుక్కోవాలి.

## రైలు ఎక్కేటప్పుడు

ఫస్ట్ క్లాస్ పెట్టె ఏదో ఎలా తెలుస్తుంది? లోపల చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి.

కొత్తవాళ్లు జరిమానా కట్టేది ఎక్కువగా ఇక్కడే. మన ఎక్స్‌ప్రెస్ రైళ్లలో ఫస్ట్ క్లాస్ అంటే తలుపులు, పరుపులు, ఏసీ అనుకుంటాం. లోకల్‌లో అదేమీ ఉండదు. అదే రైలు, అవే తెరిచిన తలుపులు, అవే ఫ్యాన్లు. సీటు మీద కాస్త మెత్త, జనం కాస్త తక్కువ. ఖాళీగా ఉంది కదా అని సామాను పట్టుకుని అందులోకే ఎక్కేస్తారు.

పెట్టె బయట తలుపు పక్కన రోమన్ అంకె ఉంటుంది. నిలువు గీత ఒక్కటే ఉంటే ఫస్ట్, రెండు ఉంటే సెకండ్. ఫస్ట్ క్లాస్ పెట్టె మీద ఏటవాలు రంగు చారలు కూడా కనిపిస్తాయి. ప్లాట్‌ఫారం మీద ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో పైన గుర్తులు వేలాడుతుంటాయి, ముందే వెళ్లి సరైన చోట నిలబడండి. అనుమానంగా ఉంటే పక్కవాళ్లని "సెకండ్ క్లాస్?" అని అడగండి, చేత్తో చూపిస్తారు.

ఫస్ట్ క్లాస్ టికెట్‌తో ఏసీ లోకల్ ఎక్కొచ్చా?

ఎక్కకూడదు. ఏసీ లోకల్ టికెట్ వేరు. ఏసీ టికెట్ ఉన్నవాళ్లు మామూలు లోకల్‌లో ఫస్ట్ క్లాస్‌లోనూ, సెకండ్ క్లాస్‌లోనూ కూర్చోవచ్చు. ఫస్ట్ క్లాస్ టికెట్‌తో ఏసీ రైలు ఎక్కితే మాత్రం జరిమానా.

ముంబైలో మొదటి ఏసీ లోకల్ 2017 డిసెంబరు 25న వెస్టర్న్ లైన్ మీద నడిచింది. అప్పట్లో చార్జీ చూసి జనం దగ్గరికి వెళ్లలేదు. 2022 మేలో ఏసీ సింగిల్ టికెట్ సగానికి తగ్గించాక నిండటం మొదలైంది, ఫస్ట్ క్లాస్ సింగిల్ టికెట్ కూడా అప్పుడే సగమైంది. అయితే ప్రతి రైలూ ఏసీ కాదు. ముందు టైము చూసుకుని టికెట్ తీయండి, లేకపోతే ఏసీ టికెట్ చేతిలో పెట్టుకుని గంటసేపు ఎదురుచూడాల్సి వస్తుంది. టైముల కోసం ఇక్కడ అందరి ఫోన్లలోనూ ఎం-ఇండికేటర్ అనే యాప్ ఉంటుంది.

లేడీస్ పెట్టెకి వేరే టికెట్ ఉందా?

లేదు. మామూలు సెకండ్ క్లాస్ టికెట్‌తో సెకండ్ క్లాస్ లేడీస్ పెట్టె, ఫస్ట్ క్లాస్ టికెట్‌తో ఫస్ట్ క్లాస్ లేడీస్ పెట్టె. ఖాళీగా కనపడినా మగవాళ్లు ఎక్కకూడదు, భార్యతో కలిసి వెళ్తున్నా సరే.

నాన్నగారిని టాటా హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. జనంలో నిలబడలేరు, ఏ టికెట్ తీయాలి?

టికెట్ మామూలుదే. దివ్యాంగుల కోసం కేటాయించిన పెట్టెలో కాన్సర్ రోగులకు కూడా ఎక్కే వీలుంది, గర్భిణులకు కూడా. ఆస్పత్రి కాగితాలు బ్యాగు అడుగున కాకుండా పైనే పెట్టుకోండి, ఎవరైనా అడిగితే వెంటనే చూపించొచ్చు.

ఆస్పత్రికి దగ్గరి స్టేషన్ సెంట్రల్ లైన్‌లో పరేల్, అక్కడికి స్లో లోకల్ పట్టుకోండి. ఫాస్ట్ ఎక్కితే దాదర్‌లో దిగి టాక్సీలో వెళ్లొచ్చు. ఓపీ టైము మన చేతిలో ఉండదు కానీ, పొద్దున 8 నుంచి 11 దాకా దక్షిణం వైపు వెళ్లే రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. వీలైతే ఏడింటికల్లా బయల్దేరండి. కుదరకపోతే ఆ ఒక్క రోజుకి టాక్సీ ఖర్చు పెట్టుకోవడమే నయం. కీమో అయిన మనిషిని ఆ తోపులాటలోకి తీసుకెళ్లొద్దు.

లోకల్ టికెట్ ఉంది, పక్క ప్లాట్‌ఫారం మీద ఎక్స్‌ప్రెస్ కూడా అటే పోతోంది. ఎక్కెయ్యొచ్చా?

వద్దు. లోకల్ టికెట్ లోకల్‌కే. దాదర్ నుంచి కల్యాణ్‌కే అయినా ఎక్స్‌ప్రెస్‌కి చార్జీ వేరు, టికెట్ వేరు.

మధ్యలో ఒక స్టేషన్‌లో దిగి, పని చూసుకుని, అదే టికెట్‌తో మళ్లీ ఎక్కొచ్చా?

రైలు మారడానికి దిగొచ్చు. బయటికి వెళ్లి పని చూసుకుని వచ్చి అదే టికెట్ వాడటం కుదరదు. 5, 10 రూపాయల దగ్గర ఈ బేరం అనవసరం, రెండు టికెట్లు తీసుకోండి.

## టీసీ ఆపితే

స్టేషన్‌లో గేట్లు లేవు, ఎవరూ అడగట్లేదు. నిజంగా టికెట్ చూస్తారా?

చూస్తారు. వారం రోజులు ఎవరూ అడగకపోవచ్చు, ఎనిమిదో రోజు వంతెన దిగే చోట నలుగురు టీసీలు వరసగా నిలబడి ఉంటారు. టికెట్ లేకపోతే చార్జీతో పాటు కనీసం 250 రూపాయలు జరిమానా. సెకండ్ క్లాస్ టికెట్‌తో ఫస్ట్ క్లాస్‌లో దొరికినా క్లాసుల మధ్య తేడా, దాని మీద జరిమానా కట్టాలి. డబ్బు కడితే రసీదు అడిగి తీసుకోండి. రసీదు ఇవ్వకుండా సగంతో సరిపెడతానంటే ఒప్పుకోవద్దు. రెండు స్టేషన్ల తర్వాత ఇంకో టీసీ వస్తే మీ చేతిలో ఏమీ ఉండదు.

ఫోన్ చార్జింగ్ అయిపోయింది. టికెట్ తీశానని చెప్తే నమ్ముతారా?

నమ్మరు. ఫోన్‌లో టికెట్ చూపించలేకపోతే టికెట్ లేనట్టే లెక్క. యాప్‌లో టికెట్ తీసుకునేవాళ్లు స్టేషన్‌కి వచ్చేసరికి ఫోన్‌లో కాస్త చార్జింగ్ ఉందో లేదో చూసుకోండి.

ప్లాట్‌ఫారం టికెట్ తీసుకున్నాను, రైల్లో ఒక్క స్టేషనే వెళ్లాను. తప్పా?

తప్పే. ప్లాట్‌ఫారం టికెట్ ప్లాట్‌ఫారం మీద నిలబడటానికే, రైలు ఎక్కడానికి కాదు. తమాషా ఏంటంటే ప్లాట్‌ఫారం టికెట్ 10 రూపాయలు, రైల్లో ఒక స్టేషన్ వెళ్లడానికి 5 రూపాయలు.

## కొన్నాళ్లు ఉండేవాళ్లకి

నెల పాస్ ఎప్పుడు గిట్టుబాటు?

సెకండ్ క్లాస్‌లో సుమారు పది, పన్నెండు రోజులు రానూ పోనూ తిరిగితే పాస్ డబ్బు వచ్చేసినట్టే. ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఆలోచించే పనే లేదు. మూడు నెలల పాస్ నెల పాస్‌కి 2.7 రెట్లే, ఆరు నెలలకి 5.4 రెట్లు, ఏడాదికి 10.8 రెట్లు. కానీ అద్దె ఇల్లు ఎక్కడ ఖాయమవుతుందో తెలియని మొదటి నెలలోనే ఏడాది పాస్ కొనకండి. ఇల్లు మారితే పాస్ వృథా. యాప్‌లో తీసుకున్న పాస్ మర్నాటి నుంచి చెల్లుతుంది, ఆ రోజుకి మాత్రం విడిగా టికెట్ తీసుకోవాలి.

నా పాస్ మీద తమ్ముడు వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. పాస్ మీ పేరు మీద, మీ గుర్తింపు కార్డు నంబరుతో ఉంటుంది. టీసీ అడిగితే పాస్‌తో పాటు ఆ కార్డు కూడా చూపించాలి.

పాప ఇక్కడ కాలేజీలో చేరింది. రాయితీ ఉంటుందా?

విద్యార్థులకి సీజన్ టికెట్, అంటే పాస్ మీద రాయితీ ఉంది. కాలేజీ ఆఫీసులో కన్సెషన్ ఫారం అడిగి, సంతకం, ముద్ర వేయించుకుని కౌంటర్‌లో ఇవ్వాలి. కాలేజీలు తెరిచిన కొత్తలో ఈ ఫారం కోసం పెద్ద క్యూలు ఉంటాయి, కాస్త ముందే వెళ్లమనండి.

పాస్ ఠాణే నుంచి దాదర్ వరకే ఉంది. ఒకరోజు చర్చ్‌గేట్ వెళ్లాల్సి వచ్చింది, ఏం చేయాలి?

దాదర్ నుంచి చర్చ్‌గేట్‌కి మాత్రం టికెట్ తీసుకుంటే చాలు. దాదర్ దాకా పాస్, అక్కడి నుంచి టికెట్. పాస్ ఏ క్లాసుదైతే టికెట్ కూడా ఆ క్లాసుదే తీసుకోండి. పాస్ సెకండ్ క్లాస్, టికెట్ ఫస్ట్ క్లాస్ అయితే దాదర్ వచ్చేదాకా సెకండ్ క్లాస్‌లోనే కూర్చోవాలి.